వలస కూలీకి వంటగ్యాస్ ఏ ధరకు?

2025 ఏప్రిల్ 8న సిలిండర్‌పై 50 రూపాయలు పెంచిన తర్వాత 14.2 కిలోల వంటగ్యాస్ ధర బెంగళూరులో 855 రూపాయల 50 పైసలకు చేరగా, హైదరాబాద్‌లో 905 రూపాయలయింది. జీఎస్టీ దేశమంతటా 5 శాతమే కనుక ఈ తేడాకు పన్ను కారణం కాదు. రవాణా ఖర్చులంటారు. మంగళూరు రేవులో దిగిన గ్యాస్ పైపులైనులో బెంగళూరు సమీపంలోని సోలూరు దాకా వస్తున్న మాట నిజమే గానీ, విశాఖ నుంచి సికింద్రాబాద్‌కూ పైపులైను ఉంది కదా! అలాంటప్పుడు దాదాపు 50 రూపాయల వ్యత్యాసం ఎక్కడ పుడుతున్నదో చమురు సంస్థలు ఊరివారీగా లెక్క చూపాలి.

అయితే బెంగళూరులోని తెలుగు కూలీలను బాధిస్తున్న తేడా ఇంతకన్నా పెద్దది. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి, కట్టడాల పక్కనే రేకుల షెడ్లలో కాపురముంటున్న కుటుంబాల పేరిట ఇక్కడ కనెక్షన్ ఉండదు. అద్దె పత్రం లేదు, కరెంటు బిల్లు లేదు. పొద్దుపోయి పని దిగిన మనిషి చిన్న సిలిండర్ చేతపట్టుకుని సందు చివరి దుకాణానికి వెళితే, అక్కడ పెద్ద సిలిండర్‌ను తలకిందులుగా నిలబెట్టి రబ్బరు గొట్టంతో గ్యాస్ ఎక్కిస్తారు. తూకం దుకాణదారు చెప్పిందే, రేటూ అతను చెప్పిందే. 2025 ఏప్రిల్ నాటి ఆ ధర లెక్కన బెంగళూరులో కిలో గ్యాస్ సుమారు 60 రూపాయలు; ఆ ధర ఈ మనిషికి అందదు. పైగా ఆ గొట్టం దగ్గర నిప్పురవ్వ పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఆంధ్రప్రదేశ్‌ 2024 నవంబరు నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నది. తెలంగాణ 2024 ఫిబ్రవరిలో 500 రూపాయల సిలిండర్ పథకం మొదలుపెట్టింది. రెండూ మంచి పనులే. కానీ అవి సొంతూరి కనెక్షన్‌తో ముడిపడినవి. అక్కడ పొయ్యి ముందు ఉన్నది ముసలి తల్లిదండ్రులు; పిల్లలకు వండిపెట్టవలసిన ఇల్లాలు ఉన్నది ఇక్కడ.

ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు పుణ్యమా అని కేంద్ర కోటా బియ్యాన్ని ఇదే కుటుంబం బెంగళూరు చౌకదుకాణంలో వేలిముద్ర వేసి తీసుకోగలదు. ఆ బియ్యం ఉడికించే గ్యాస్‌కు మాత్రం ఆ వెసులుబాటు లేదు. చిరునామా రుజువు అడగకుండా ఇచ్చే 5 కిలోల సిలిండర్ ఉన్నా, దాన్ని గృహావసరాల ధరకు కాక మార్కెట్ ధరకు అమ్ముతున్నారు.

ఆ సిలిండర్‌ను వలస కుటుంబాలకు గృహావసరాల ధరకే ఇవ్వాలని మేము కోరుతున్నాం. 2021 ఆగస్టులో మొదలైన ఉజ్వల (పేద మహిళలకు వంటగ్యాస్ కనెక్షన్ ఇచ్చే పథకం) రెండో దశలో చిరునామా రుజువుకు బదులు వలస కుటుంబాల స్వీయ ధ్రువీకరణ చాలునని కేంద్రమే నిర్ణయించింది. ఆ వెసులుబాటే దీనికీ వర్తింపజేస్తే కొత్త చట్టంతో పనిలేదు. కట్టడాల దగ్గరే నెలకోసారి నమోదు శిబిరం పెట్టి, అక్కడ కన్నడంతోపాటు తెలుగులోనూ దరఖాస్తులు తీసుకోవాలి.