గాయని కాలి కిందా, మిక్సర్ దగ్గరా?

(గాయని మైకుకు మాటను కాసేపాగి మళ్లీ వినిపించే డిలే, పెద్ద హాల్లో పాడినట్టు చేసే రివర్బ్, ఒకచోట గొంతును గరగరలాడించే డిస్టార్షన్ కావాలి. స్టేజి మీద, కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెల పెడల్‌బోర్డు పెట్టుకోవాలా, అంతా మిక్సర్‌కే వదిలేయాలా అన్నది తగువు.)

గాయని: పల్లవి చివరి మాట ఒక్కటే ప్రతిధ్వనించాలి. అదెప్పుడు పడుతుందో నాకే తెలుసు. మీరు అంత దూరం నుంచి బటన్ నొక్కేసరికి తర్వాతి లైన్ మొదలైపోతుంది.

ఇంజినీర్: బటన్ మీ కాలి కింద ఉంటే నాకేం నొప్పి లేదు మేడమ్. గొంతంతా ఆ పెట్టెల్లోంచి రావడమే ఇబ్బంది. డైనమిక్ మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. గిటార్ పెడల్‌కు అంతకు ఎన్నో రెట్లు కావాలి. చివర్లో పెంచుకుందామంటే పెడల్ హిస్, ఆ బుస శబ్దం, కూడా పెరుగుతుంది.

గాయని: అందుకే ముందు మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్. దాని లైన్ లెవల్‌ను రీయాంప్ బాక్స్ గిటార్ లెవల్‌కు దించుతుంది, లేకపోతే గట్టిగా పాడినప్పుడల్లా పెడల్ క్లిప్ అయి గొంతు పగిలినట్టు వస్తుంది. తర్వాత గట్టి స్వరాన్ని నొక్కే కంప్రెసర్, డిలే, రివర్బ్, పెడల్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే డీఐ బాక్స్, అక్కణ్నుంచి మిక్సర్‌కు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్.

ఇంజినీర్: ఎన్ని అతుకులో చూశారా? ఒక్క ప్యాచ్ కేబుల్ వదులైతే గొంతే ఉండదు. ఆ కంప్రెసర్ ఒకటి! నొక్కాక తిరిగి పెంచే మేకప్ గెయిన్ 6 డీబీ పెట్టారంటే, మీరు ఆగిన క్షణాన అది నొక్కడం మానేసి డ్రమ్ముల్నీ, మీ ముందున్న మానిటర్ స్పీకర్‌నీ 6 డీబీ ఎక్కువగా లాగుతుంది. స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి వచ్చి కీచుమనే ఫీడ్‌బ్యాక్ అంత దగ్గరికొస్తుంది.

గాయని: కంప్రెసర్ మీరే ఉంచుకోండి. డిలే మాత్రం ఇవ్వను. నిమిషానికి 90 బీట్ల (90 బీపీఎం) పాటకు బీటు 667 మిల్లీసెకన్లు, నాకు కావలసింది దాంట్లో ముప్పావు వంతు, 500. డ్రమ్మర్ కాస్త పరుగెత్తితే కొత్త వేగాన్ని కాలితో ట్యాప్ చేసి సరిచేయాల్సింది నేనే.

ఇంజినీర్: అయితే మైకు సిగ్నల్‌ను రెండుగా చీల్చేద్దాం. మైకు ట్రాన్స్‌ఫార్మర్ స్ప్లిటర్‌లోకి. డైరెక్ట్ అవుట్ నా ఛానల్‌కు, ఐసోలేటెడ్ అవుట్ మీ ప్రీయాంప్‌కు. కండెన్సర్ మైకైతే దానికి కావలసిన 48 వోల్టులు నేనే ఇస్తాను, ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి డీసీ దాటదు. మీ బోర్డు ఆగిపోయినా గొంతు ఆగదు. మీ పెడల్స్ మాత్రం నూటికి నూరు వెట్‌లో, అంటే ఎఫెక్టు మాత్రమే బయటికొచ్చేలా ఉండాలి.

గాయని: కొంచెం డ్రై, అంటే ఎఫెక్టు లేని గొంతు, కలిస్తే ఏం పోయింది?

ఇంజినీర్: డిజిటల్ పెడల్ డ్రైని కూడా డిజిటల్‌లోకి మార్చి తిరిగి ఇస్తే అది ఒక మిల్లీసెకను వెనకబడిందనుకోండి. నా ఛానల్లోని నేరుగా వచ్చే గొంతుతో కలిసినప్పుడు 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర రెండూ కొట్టేసుకుంటాయి. గొంతు గొట్టంలోంచి వచ్చినట్టుంటుంది.

గాయని: మరి డిలేను బైపాస్ చేస్తే, అంటే ఆపేసి గొంతును అలాగే దాటిస్తే? అప్పుడు వచ్చేది డ్రైయేగా!

ఇంజినీర్: అందుకే బైపాస్ ముట్టుకోవద్దు. డిలేకు ముందు, నొక్కినంతసేపే దారి తెరిచే మొమెంటరీ స్విచ్ పెట్టండి. చివరి మాటకు నొక్కి వదిలేస్తే ప్రతిధ్వని తనంతట తనే సన్నగిల్లుతుంది. పాటల మధ్య మాట్లాడేటప్పుడు పొరపాటున ఎకో వెళ్లే గొడవా తప్పుతుంది.

గాయని: ఇది బాగుంది. హమ్, ఆ గుయ్యిమనే మోత సంగతి? ఒకే మైకుకు రెండు దారులు కదా.

ఇంజినీర్: డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్, అంటే ఆ దారిలో గ్రౌండ్ కలయికను తెంచే బటన్, నొక్కండి. కరెంటు ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు. సన్నగా కూత వస్తే పవర్ సప్లై చూడండి. డిజిటల్ పెడల్‌కు 300 మిల్లీయాంప్‌లు కూడా కావొచ్చు, అన్నిటికీ ఒకే వైరు తగిలించకుండా ఐసోలేటెడ్ సప్లై వాడండి.

గాయని: సరే. కానీ చరణంలో ఒక లైన్ ఫోన్లో మాట్లాడినట్టు రావాలి. డిలే డ్రైని ఆపేస్తే దాని ముందున్న డిస్టార్షన్ ప్రతిధ్వనిలోనే వినిపిస్తుంది. మీ ఛానల్లో శుభ్రమైన గొంతు అలాగే మోగుతుంటుంది.

ఇంజినీర్: అది నేను చేస్తాను. మీ మైకునే ఇంకో ఛానల్‌కు వేసి, 300 హెర్ట్జ్‌ల కిందా 3,400 హెర్ట్జ్‌ల పైనా కోసి, డిస్టార్షన్ వేస్తాను. ఆ లైన్‌కు అసలు ఛానల్ మ్యూట్.

గాయని: అంటే మళ్లీ మీ వేలి మీదే నా లైన్!

ఇంజినీర్: ఒక్క లైనేగా మేడమ్. సాహిత్యం కాగితం ఇవ్వండి, ఆ మాట కింద గీత గీసి.