ఏ చిమ్టా అయినా పడుతుందట!

పాత బండికి కొత్త చిమ్టా వేసుకోమనే మెసేజ్ నా కంట పడటం ఈ నెలలో ఇది మూడోసారి. మొదట మా పదో తరగతి గ్రూపులో వచ్చింది. తర్వాత మా బావ పంపాడు, చేతులు జోడించిన బొమ్మతో సహా. మొన్న ఇద్దరు పిల్లలు హన్మకొండలో మా లేత్ దగ్గరికే వచ్చి ఫోన్ చూపించి, "అన్నా, ఇట్ల చేసిస్తవా?" అన్నారు. పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు చాసిస్‌కి కొత్త మోనోషాక్ (వెనక ఒకే షాకప్సర్ ఉన్న) బండి చిమ్టా, అదే స్వింగ్ ఆర్మ్, వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే భాగం, ఎలా వేసుకోవాలో చెప్పే మెసేజ్ అది. "మెకానిక్‌లు మీకు చెప్పని ఏడు సీక్రెట్లు" అని హెడ్డింగు. ఎందుకు చెప్పరో నేను చెప్తా.

"ఏ చిమ్టా అయినా పడుతుంది, బుష్ తిప్పిస్తే చాలు." బుష్ అంటే చిమ్టా ఊగే పివట్ బోల్టు చుట్టూ ఉండే గొట్టం ముక్క. దాన్ని లేత్ మీద తిప్పేది నేనే కదా, కాబట్టి ఒప్పుకుంటా, పివట్ బోల్టు పడుతుంది. చక్రం ఎక్కడ కూర్చోవాలో మాత్రం బుష్ చెప్పదు. రెండు స్ప్రాకెట్లు ఒకే గీతలోకి రాకపోతే చైను పళ్లని ఒక పక్కే తినేస్తుంది. సరే, చైను కోసం చక్రాన్ని కాస్త జరుపుదామంటే, వెనక చక్రం ముందు చక్రం గీతలోంచి తప్పుకుంటుంది. ఆ పిల్లల బండికి మేస్త్రీ దారం కట్టి చూశా. వెనక టైరుకి రెండు వైపులా ఆనించి ముందుకి లాగితే, ముందు టైరు దగ్గర ఒక పక్క నా వేలు దూరింది, ఇంకో పక్క దారం రబ్బరుకి రాసుకుంటోంది. "చేతులు వదిలితే ఎడమకి పోతది అన్నా, గాలి అనుకున్నం" అన్నాడు ఒకడు. గాలేనట!

పొడుగు చిమ్టా వేస్తే బండి నిలకడగా ఉంటుందట. తిన్నటి రోడ్డు మీద నిజమే. గల్లీలో తిప్పి చూడండి. మైలేజీ పెరుగుతుందట. దీనికి జవాబు లేదు. పౌడర్ కోటింగ్ వేస్తే చాసిస్‌కి బలం వస్తుందట. రంగు రంగే, పగులుని కప్పడం తప్ప దానికి ఇంకేమీ చేతకాదు. పైగా పాత రంగు ఊడగొట్టే బ్లాస్టింగ్ చేసేవాడు హ్యాండిల్ మెడ దగ్గరి చాసిస్ నంబరుకి టేప్ వేయడం మర్చిపోతే, ఆర్‌సీ రెన్యువల్‌కి పోయినప్పుడు కాగితం పెట్టి రుద్దే పెన్సిల్ ప్రింట్‌లో అంకెలు పడవు. అప్పుడు ఆ బండి మీదేనని నిరూపించుకుంటూ తిరగండి.

మోనోషాక్ బ్రాకెట్‌ని "మధ్య పైపుకి గట్టిగా వెల్డింగ్ కొట్టించండి" అన్నాడు ఆ మెసేజ్ రాసినవాడు. పాత బండికి రెండు షాకప్సర్లు చక్రం దగ్గరే ఉంటాయి. మోనోషాక్‌ని పివట్ దగ్గరికి తెస్తే లివర్ లెక్క మారుతుంది. పివట్ నుంచి ఇరుసుకి 45 సెంటీమీటర్లు, షాక్‌కి 15 అనుకోండి. చక్రం మీద పడ్డ బరువు షాక్ మీద మూడింతలు. ఆ మూడింతలు మోయాల్సింది ఏనాడూ అలాంటి పని చేయని సన్న పైపు. వెల్డ్ ఊడదు, దాని పక్కన వేడికి మెత్తబడ్డ చోట పైపు పగులుతుంది.

ఇక ఆరో పాయింటు. ఇది రాసినవాడిని మాత్రం క్షమించలేను: "వెనక బ్రేకు టార్క్ రాడ్ అక్కర్లేదు, కొత్త చిమ్టాలకి ఉండదు, తీసేస్తే క్లీన్ లుక్."

టార్క్ రాడ్ అంటే బ్రేకు షూలు బిగించి ఉండే ప్లేటు తిరక్కుండా దాన్ని చిమ్టాకి కట్టే కడ్డీ. కొత్త చిమ్టాలు చాలావాటికి రాడ్డు ఉండదు, నిజమే. దాని బదులు లోపలి వైపు ఒక దిమ్మ ఉంటుంది, అది బ్రేకు ప్లేటుకున్న గాడిలో కూర్చుంటుంది. ఆర్‌ఎక్స్ ప్లేటుకి ఆ గాడి లేదు. షూలు డ్రమ్ముని పట్టుకోగానే చక్రం ప్లేటుని తనతో లాక్కుపోవాలని చూస్తుంది. ఆ రాడ్డు లేకపోతే ఆపేది ఏదీ లేదు. ప్లేటు తిరుగుతుంది, కింద ఉన్న బ్రేకు లివర్ వెనక్కి పోతుంది, పెడల్ నుంచి వచ్చే కడ్డీ బిగుస్తుంది, షూలు ఇంకా పట్టుకుంటాయి, ప్లేటు ఇంకా తిరుగుతుంది. కాలు తీసేసినా బ్రేకు వదలదు. చక్రం బిగుసుకుపోతుంది.

మా మేనల్లుడికి ఇదే అయింది. ములుగు రోడ్డులో గొర్రెల మంద అడ్డం వస్తే మెల్లగానే బ్రేకు కొట్టాడు. మోకాలికి తొమ్మిది కుట్లు. ఆ బ్రేకు కడ్డీ కొడవలిలా వంగి ఇప్పటికీ మా షెడ్డు గోడకి వేలాడుతోంది. క్లీన్ లుక్ కావాలన్న వాళ్లు వచ్చి చూడొచ్చు, టికెట్ లేదు.

చివరిది చట్టం. "25 ఏళ్లు దాటితే వింటేజ్, ఆర్టీవో అడగడు." 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్‌లో ఉన్నది 50 ఏళ్లు. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో మొదలైందే 1985లో, అంటే 2035 దాకా ఒక్కటి కూడా వింటేజ్ కాదు. అప్పుడు కూడా చాసిస్ మార్చి ఉంటే ఆ హోదా ఇవ్వరు. అనుమతి లేని మార్పుకి, ఒక్కో దానికి, 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అడగడనే ధైర్యం ఎక్కడిదో మరి.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. మొదటి పాయింటు చివర్లో, "అరిగిన ఒరిజినల్ చిమ్టా కన్నా మంచి కండిషన్‌లో ఉన్న వేరేది నయం" అని ఉంది. అది నిజం. పివట్ దగ్గర రెండు బుష్‌ల మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉండి, అర మిల్లీమీటరు ఆట (వదులు) ఉంటే, చక్రం దగ్గర అది మిల్లీమీటరు దాటుతుంది. ఒరిజినల్ అనే మోజుతో అలా ఊగే బండ్లు నడిపేవాళ్లని రోజూ చూస్తున్నా. నా ఏపీ 36 బండికి ఉన్నది కూడా ఒరిజినల్ కాదు. దాని చిమ్టా లోపల తుప్పు పట్టి, చైన్ కవర్ బోల్టు దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయింది. అదే కొలతలున్న ఇంకో ఆర్‌ఎక్స్‌ది వేశా. టార్క్ రాడ్డు దాని చోట దానికుంది.

బావా, ఆదివారం నీ బండి తీసుకురా. దారం నా దగ్గరుంది.