బొమ్మ తుపాకి పిల్లల చేతికి ఇవ్వవచ్చునా?

దీపావళి దగ్గరపడి ఐలండ్ గ్రౌండ్స్‌లో టపాకాయల దుకాణాలు వెలిశాయంటే చాలు, చెన్నైలోని తెలుగు ఇళ్ళలో పిల్లలు తుపాకి కొనిపెట్టమని పేచీ మొదలుపెడతారు, పెద్దలు రెండు పక్షాలుగా చీలిపోతారు. ఆ రెండు పక్షాలనూ ఇక్కడ ఇద్దరి నోట పలికిస్తున్నాను. రామచంద్రయ్యగారు మద్రాస్ రెజిమెంట్‌లో సుబేదారుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత ఆవడిలో స్థిరపడ్డారు. సుభద్ర ఆయన అన్నగారి కూతురు, పెరంబూరులో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. ఆమె కొడుక్కి ఏడేళ్ళు. వాడికి తుపాకి కావాలి. ఈ మనుషులు కల్పితమే గాని, వీరు చెప్పుకునే కారణాలు కల్పితాలు కావు. నా మొగ్గు సుభద్ర వైపు ఉన్న మాట నిజం; అయినా రెండో పక్షాన్ని బలహీనంగా చూపి నెగ్గడం నాకు ఇష్టం లేదు.

రామచంద్రయ్య: అమ్మా సుభద్రా, ఉద్యోగమంతా తుపాకి మోసినవాణ్ణి కనుక చెబుతున్నాను. మా కాలంలో నాలుగు కిలోలకు పైబడిన ఎస్.ఎల్.ఆర్. రైఫిలు చేతికిచ్చే ముందు మాకు నేర్పిన మొదటి పాఠం, ఖాళీ తుపాకిని కూడా గుళ్ళు నింపిన తుపాకిగానే చూడాలని. గొట్టం ఎన్నడూ తోటి మనిషి వైపు తిరగకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. పొరపాటున గొట్టం పక్కవాడి వైపు తిరిగిందా, ఉస్తాదు మైదానం చుట్టూ పరుగులు పెట్టించేవాడు. నువ్వు కొనివ్వబోయే బొమ్మ సరిగ్గా దీనికి విరుద్ధమైన పాఠం నేర్పుతుంది. దాన్ని చేతికి తీసుకున్న పిల్లవాడు మొదట చేసే పని ఏమిటో నీకు తెలుసు. చెల్లెలి గుండెకు గురిపెట్టి, ఢాం, నువ్వు చచ్చిపోయావు అంటాడు. నిజమైన తుపాకి పట్టేవాడికి నిషిద్ధమైనది, ఆటతుపాకి పట్టేవాడికి మొదటి సరదా అవుతోంది.

సుభద్ర: మీ మాటను తేలికగా కొట్టిపారేయలేను బాబాయ్. కానీ మా బడిలో ఒక్క బొమ్మ తుపాకి కూడా లేదు, అయినా మా తరగతిలో తుపాకులకు కొదవ లేదు. చెక్క దిమ్మెలను ఒకదానికొకటి అతికిస్తే తుపాకి, స్కేలు పట్టుకుంటే తుపాకి, డబ్బాలో తెచ్చుకున్న రొట్టెముక్కను ఒక మూల కొరికితే అదీ తుపాకే. ఏమిట్రా అది అని గట్టిగా అడిగితే, నీళ్ళ గొట్టం టీచర్ అని అబద్ధం చెబుతారు. బొమ్మను నిషేధించడం మన చేతిలో ఉంది గాని, ఆటను నిషేధించడం మన చేతిలో లేదు. నిషేధించబోతే వాళ్ళకు అబద్ధం అలవాటు చేసినవాళ్ళం అవుతాం. బ్రిటన్‌లో శిశుపాఠశాలలు చాలాచోట్ల ఇటువంటి ఆటలను ఏళ్ళ తరబడి అడ్డుకుంటూ వచ్చాయి. 2007లో ఆ దేశపు ప్రభుత్వమే, మగపిల్లలు ఆయుధాలతో ఆడుకునే ఆటలను చూసిన వెంటనే ఆపవద్దని, అందులోని కథను గమనించి పెంచమని టీచర్లకు సూచనలు ఇచ్చింది.

రామచంద్రయ్య: స్కేలు వేరు, బొమ్మ వేరు తల్లీ. తుపాకి అయిన స్కేలు మరుక్షణం విల్లు కాగలదు, గుర్రం కాగలదు, వంటగదిలో గరిటె కాగలదు. ప్లాస్టిక్ పిస్తోలు మాత్రం తెల్లవారినా, పొద్దుగూకినా పిస్తోలుగానే ఉంటుంది. ఆ రొట్టెముక్కలో పిల్లవాడి ఊహ ఉంది, ఆ బొమ్మలో అమ్మినవాడి ఊహ ఉంది. 1979లో స్వీడన్‌లో ప్రభుత్వ సంస్థలూ వర్తకులూ ఒక ఒప్పందానికి వచ్చి యుద్ధపు బొమ్మల అమ్మకాన్ని మానుకున్నారు. అక్కడి పిల్లలు ఆటలు లేక దిగులుపడిపోయారా?

సుభద్ర: దిగులుపడలేదు, నిజమే. కానీ తుపాకి బొమ్మే పిల్లవాణ్ణి క్రూరుణ్ణి చేస్తుందన్నది మాత్రం నేను ఒప్పుకోను. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా చేసిన ప్రయోగం చూడండి. పెద్ద మనిషి ఒకరు గాలి నింపిన బొమ్మను చావగొడుతుంటే చూసిన పిల్లలు, తరువాత తామూ ఆ బొమ్మను అదే తీరున కొట్టారు, అవే మాటలు అన్నారు. పిల్లలు నేర్చుకున్నది బొమ్మ నుంచి కాదు, పెద్దవారి నుంచి. 1992లో వాట్సన్, పెంగ్ అనే ఇద్దరు మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలను పరిశీలించినప్పుడు, నిజమైన దౌర్జన్యాన్ని అన్నిటికంటే గట్టిగా పట్టిచ్చిన సంగతి తుపాకి ఆట కాదు, ఇంట్లో తల్లిదండ్రులు విధించే శిక్ష. కొడుకు చేతిలోని బొమ్మను లాక్కుని, రెండు దెబ్బలు వేసి, హింస తప్పురా అని చెప్పే తండ్రులను నేను చూశాను బాబాయ్.

రామచంద్రయ్య: నువ్వు చెప్పిన ఆ పరిశోధనలోనే ఇంకొక మాట ఉంది, దాన్ని కూడా చెప్పాలి. మగపిల్లల విషయంలో తుపాకి ఆట ఎక్కువైన చోట నిజమైన దౌర్జన్యం కూడా ఎక్కువగానే కనిపించింది. సగం వాక్యం నీకు పనికివస్తే, మిగతా సగం నాకు పనికివస్తుంది.

సుభద్ర: ఒప్పుకుంటాను. అయితే ఏది ముందు, ఏది వెనుక? కొట్టే స్వభావం ఉన్నవాడు తుపాకిని ఎంచుకుంటున్నాడో, తుపాకి పట్టినవాడికి కొట్టే స్వభావం వస్తోందో ఆ లెక్క తేల్చదు. అది కొద్దిమంది పిల్లల మీద చేసిన పరిశీలన. నేను రోజూ కళ్ళారా చూసేది మాత్రం చెబుతాను. ఆటలో చచ్చిపోయినవాడు మూడు లెక్కపెట్టేలోగా లేచి నిలబడతాడు. కాసేపటికి దొంగ పోలీసవుతాడు, పోలీసు దొంగవుతాడు. ఒకడు నిజంగా ఏడ్చాడా, అందరూ ఆట ఆపేసి వాడి చుట్టూ చేరతారు. కొట్లాటలో ఇవేవీ ఉండవు. అక్కడ ముఖాలే వేరుగా ఉంటాయి. ఈ తేడా కనిపెట్టడం చేతకాని టీచరే ప్రతి తుపాకినీ నేరంగా చూస్తుంది.

(ఈ చివరి మాట నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. తుపాకి ఆటను గురించి తీర్పు చెప్పేవారిలో ఎక్కువమంది ఆ ఆటను మొదటినుంచి చివరిదాకా నిలబడి చూసినవారు కారు.)

రామచంద్రయ్య: సరే, మనసు సంగతి పక్కన పెట్టు; కంటి సంగతి చూద్దాం. పండగ రోజుల్లో ప్యారీస్ వీధుల్లో, సౌకార్‌పేట సందుల్లో పేవ్‌మెంటు మీద అమ్మే పిస్తోలుతో పాటు చిన్న పొట్లంలో పసుపురంగు ప్లాస్టిక్ గుళ్ళు ఇస్తారు, చూశావా? ఆరు మిల్లీమీటర్ల గుండు. స్ప్రింగు లాగి వదిలితే అట్టపెట్టెకు సొట్ట పడుతుంది. అదే కంటికి తగిలితే నల్లగుడ్డు ముందు భాగంలో రక్తం చేరుతుంది, కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుంది, పైకి మానినట్టు కనిపించినా కొన్నాళ్ళకు శుక్లం రావచ్చు. 2015లో ఆఫ్ఘనిస్తాన్‌లో ఈద్ సెలవుల్లో ఇటువంటి బొమ్మ తుపాకుల వల్ల వందమందికి పైగా గాయపడితే, అక్కడి ప్రభుత్వం వాటిని నిషేధించవలసి వచ్చింది. నిజమైన తుపాకుల మధ్య బతుకుతున్న దేశం బొమ్మ తుపాకిని నిషేధించిందంటే ఆలోచించు. మన ఎగ్మూరు కంటి ఆసుపత్రి 1819 నుంచి ఉన్నది. పండగ మరునాడు అక్కడి వరండాలో కంటికి కట్టుతో కూర్చున్న పిల్లలను చూస్తే నీ ఊహాశక్తి వాదం నిలబడదు.

సుభద్ర: గుళ్ళు వేసే తుపాకి విషయంలో మీతో నాకు వాదమే లేదు. అది ఆటవస్తువు కాదు, చిన్న ఆయుధం. 2021 జనవరి నుంచి మన దేశంలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయింది. పేవ్‌మెంటు మీద పొట్లం కట్టి ఇచ్చేదాని మీద ఆ ముద్ర వెతికినా దొరకదు. అది మా ఇంటి గడప తొక్కదు. నా కొడుకు అడుగుతున్నది రీలు తుపాకి.

రామచంద్రయ్య: రీలు మాత్రం తక్కువదా? ఎర్ర కాగితం మీద చుక్కలు చుక్కలుగా ఉన్న ఆ మందు పొటాషియం క్లోరేటు, ఎర్ర భాస్వరం కలిసినది. రాపిడి తగిలితే చాలు, అంటుకుంటుంది. మనవాడు తుపాకితో ఆగుతాడా? రీలును మడతలు పెట్టి రాతికింద పెట్టి కొడతాడు, జేబులో కుక్కుకుని తిరుగుతాడు.

సుభద్ర: రాతికింద పెట్టి కొట్టడం నా చిన్నప్పుడు మీరే మాకు చూపించారు బాబాయ్. జేబులో పెట్టుకోకూడదన్నది, చెవి దగ్గర పేల్చకూడదన్నది చెప్పి చేయించవలసిన విషయాలు. ఎటూ దీపావళి నాడు పేల్చడానికి సుప్రీంకోర్టు 2018లో రెండే గంటలు ఇచ్చింది. మన తమిళనాట పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఆ రెండు గంటలూ మేం పక్కనే ఉంటాం.

రామచంద్రయ్య: రూపం సంగతి చెప్పు మరి. 2014 నవంబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పార్కులో ఆడుకుంటున్న పన్నెండేళ్ళ పిల్లవాడి చేతిలో అచ్చు నిజం పిస్తోలులా ఉన్న బొమ్మ ఉంది. పోలీసు కారు దిగీ దిగగానే కాల్చాడు. మరునాటికి పిల్లవాడు పోయాడు. బొమ్మ తుపాకి మూతికి నారింజ రంగు ఉండాలని ఆ దేశం 1988లోనే చట్టం చేసింది. ఆ పిల్లవాడి చేతిలోని బొమ్మకు ఆ రంగు లేదు.

సుభద్ర: ఆ వార్త చదివినప్పుడు నాకూ నిద్రపట్టలేదు. కానీ అది వీధివీధినా నిజమైన తుపాకులున్న దేశపు విషాదం, అక్కడి పోలీసుల తీరు గురించిన విషాదం. దాన్ని తెచ్చి పెరంబూరులో ఏడేళ్ళవాడి మీద పెట్టకూడదు. నేను తీసుకునే పాఠం ఒకటే. బొమ్మ బొమ్మలా కనిపించాలి. ఆకుపచ్చగానో, పసుపుపచ్చగానో ఉండాలి. నల్లటి అసలు రూపం వద్దు. అది ఒప్పుకుంటాను. ఇక తుపాకి ముట్టుకున్న ప్రతి చెయ్యీ చెడిపోయేదైతే, చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చేవాడా? మెరీనా ఇసుకలో బెలూన్లు కాల్చే దుకాణం ముందు మీరే నన్ను ఎత్తి నిలబెట్టి, ఎడమ కన్ను మూసుకోమని నేర్పారు.

రామచంద్రయ్య: నేర్పాను. ఇప్పుడు నీ కొడుక్కీ నేర్పుతాను. ఆ దుకాణంలో గురి బెలూన్ మీద. తుపాకి బల్లకు ఇవతల, మనుషులందరూ వెనుక. నా అభ్యంతరమంతా మనిషి మీద గురి గురించే. ఇక్కడి కంబ రామాయణంలో ఒక ముచ్చట ఉంది, వినే ఉంటావు. బాలరాముడు ఆటగా విల్లుతో మట్టి ఉండలు వేస్తూ మంథర గూని మీద కొట్టాడు. రాముడికి అది ఆట. కైక మందిరానికి వెళ్ళే వేళ ఆ గూనిది తలుచుకున్నది ఆ మట్టి ఉండనే. ఆడినవాడు మరిచిపోతాడు సుభద్రా, తగిలినవారు మరిచిపోరు.

సుభద్ర: ఈ మాట నాకు తగిలింది. కానీ అక్కడ తప్పు విల్లుది కాదు. ఆటలో లేని మనిషిని, తిరిగి ఒక్క మాట అనలేని మనిషిని గురిగా చేయడం తప్పు. కనుక నా ఇంట్లో నియమం ఇలా పెడతాను. ఆటలోకి నేనూ వస్తానని తానుగా చెప్పినవారి మీదే గురి. మెట్లు తుడిచే అమ్మ మీద కాదు, వాచ్‌మన్ తాత మీద కాదు, వీధికుక్క మీద కాదు, ఉయ్యాలలో పాప మీద కాదు. వద్దన్నవారి మీద ఒక్కసారి గురిపెట్టినా ఆ రోజుకు తుపాకి బీరువాలోకి పోతుంది.

రామచంద్రయ్య: నియమం మంచిదే. కాపలా ఎవరు? సాయంత్రం పూట కార్లు నిలిపేచోట పదిమంది పిల్లలు పరుగెత్తుతుంటే, ఎవడు ఆటలో ఉన్నాడో, ఎవడు లేడో నువ్వు మూడో అంతస్తు నుంచి కనిపెడతావా? ఆటలోకి వస్తానన్న చిన్నవాడు కూడా సగం భయంతో వస్తాడు, వెలివేస్తారని వస్తాడు. అటువంటి ఒప్పుకోలును నేను ఒప్పుకోలు అనను.

సుభద్ర: దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. బంతాటలోనూ, కబడ్డీలోనూ ఇదే బెడద ఉంది. బలవంతుడు బలహీనుణ్ణి లాక్కొస్తాడు. అందుకని కబడ్డీ మాన్పించం, కిందికి దిగి చూస్తాం. నేనూ దిగుతాను.

రామచంద్రయ్య: కబడ్డీలో పట్టుకుంటారు, చంపినట్టు నటించరు. అక్కడ మన దారులు వేరయ్యాయి, కలవవు. అయినా నీ మాటల్లో రొట్టెముక్క తుపాకిని కాదనలేకపోతున్నాను. వాడు తానుగా చేసుకుంటే నేను అడ్డుపడను. ఇంట్లో కొత్త ఫ్రిజ్‌తో వచ్చిన అట్టపెట్టె ఉందన్నావు కదా. కత్తెర పట్టుకుని పక్కన కూర్చుంటాను, గొట్టం ఎంత పొడుగు ఉండాలో కూడా చెబుతాను. కొనిపెట్టడానికి మాత్రం నన్ను రమ్మనకు.

సుభద్ర: అట్టతుపాకి తప్పకుండా చేయండి, మీ చేత్తో చేసినదంటే వాడు ఎగిరి గంతేస్తాడు. కానీ పండగ నాడు పక్కింటి పిల్లలు రీలు పేలుస్తుంటే వాడు అట్టముక్క పట్టుకుని నిలబడడు, బాబాయ్. అప్పుడు ఒకటి కొంటాను. మీకు ముందే చెబుతున్నాను.

రామచంద్రయ్య: కొను, నీ కొడుకు, నీ ఇష్టం. ఆ పూట ఆవడి నుంచి నేనూ వస్తాను. వాడు మొట్టమొదట ఎవరి వైపు గురిపెడతాడో నువ్వూ చూడాలి, నేనూ చూడాలి.