సవరణ: చర్చి పెళ్లి చేయించే అధికారం ఎవరికి?

విశాఖలో చర్చి పెళ్లిళ్ల గురించి మొన్న పెట్టిన పోస్టులో ‘ఏ పాస్టర్ గారు చేయించినా చెల్లుతుంది, ఆయనిచ్చే సర్టిఫికెట్ చాలు’ అని రాశాను. అది తప్పు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం చదివాక సరిచేస్తున్నాను.

బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందిన గురువులకు, అంటే కేథలిక్ ఫాదర్లకు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గురువులకు, విడిగా లైసెన్సు అక్కర్లేదు. తమ సంఘం నియమాల ప్రకారం పెళ్లి జరిపిస్తే చాలు. బాప్టిస్టు పాస్టర్లకు, గాజువాక, పెందుర్తి వైపు వీధివీధినా కనిపించే స్వతంత్ర సంఘాల పాస్టర్లకు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ప్రభుత్వం దాన్ని రద్దు కూడా చేయగలదు. పాస్టర్ గారు వాక్యం ఎంత బాగా చెబుతారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అధికారం లేకుండా పెళ్లి చేయిస్తే పదేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చని చట్టంలోనే ఉంది. ఇంత కఠినంగా ఉంటుందని నేనూ అనుకోలేదు.

వధూవరుల్లో కనీసం ఒకరు క్రైస్తవులై ఉండాలి. లైసెన్సున్న పాస్టర్ గారైతే ఆయన కాక మరో ఇద్దరు సాక్షులు తప్పనిసరి.

బీచ్ రోడ్డు హాళ్లలో రాత్రి పెళ్లి పెట్టుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే పెళ్లి జరగాలన్నది సాధారణ నియమం. బిషప్ ప్రత్యేక అనుమతి లాంటి మినహాయింపులు కొన్నే. హాలు బుక్ చేసే ముందే పాస్టర్ గారిని లైసెన్సు కాపీ అడగండి, మొహమాటం వద్దు.