ఫ్యూజు పోతుంటే పెద్దది వేయమంటున్న ఆ సందేశం గురించి

"కారు ఆడియో సమస్యలకు మీ చేతులతోనే 6 పరిష్కారాలు" అనే సందేశాన్ని ఇప్పటికి ఐదుగురు మిత్రులు నాకు పంపారు. వారిలో ఇద్దరు తమ కారు వైరింగును తామే విప్పి బిగించుకునేవారు కాబట్టి, చదివి ఊరుకోలేకపోతున్నాను. అందులో చెప్పినవి ఇవి: యాంప్లిఫయర్ ఫ్యూజు పదేపదే పోతుంటే ఒక మెట్టు పెద్దది వేయండి, గుయ్‌మనే శబ్దం వస్తే ఫిల్టరు తగిలించండి, పాటకు హెడ్‌లైట్లు మసకబారితే కెపాసిటర్ (కొద్దిపాటి విద్యుత్తును నిల్వ చేసే భాగం) పెట్టండి, శబ్దం చాలకపోతే అదే చానలుకు మరో స్పీకరు కలపండి, ఇంజను మార్పించాక శబ్దం మొదలైతే ఆల్టర్నేటర్‌నూ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రాన్నీ) మార్చేయండి, పవర్ వైరూ ఆర్‌సీఏ కేబులూ (స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కు పాట సిగ్నలు తీసుకువెళ్ళేది) పక్కపక్కనే వెళ్ళినా ఫర్వాలేదు.

స్పీకరు సంగతి చర్చించవలసినంత పెద్దది కాదు. 4 ఓములవి రెండు సమాంతరంగా కలిపితే స్టీరియోకు 2 ఓముల భారం కనిపిస్తుంది. అంత కరెంటు ఇవ్వడానికి తయారుకాని స్టీరియో వేడెక్కి ఆగిపోతుంది, లేదా స్పీకర్లను నడిపే దాని ఔట్‌పుట్ ఐసీ (చిప్పు) కాలిపోతుంది. కెపాసిటర్ సంగతీ అంతే. 1 ఫారడ్ కెపాసిటర్ 14.4 వోల్టుల నుంచి 12 వోల్టులకు దిగేలోపు ఇవ్వగలిగినది సుమారు 32 జౌళ్లు మాత్రమే. 500 వాట్లు లాగే యాంప్లిఫయర్‌కు అది సెకనులో పదహారో వంతు కాలానికి సరిపోతుంది. ఆ తరువాత అదే ఆల్టర్నేటర్ యాంప్లిఫయర్‌నూ పోషించాలి, ఖాళీ అయిన కెపాసిటర్‌నూ నింపాలి.

ఇక ఫ్యూజు. ఈ సలహా రాసినవారు ఫ్యూజును యాంప్లిఫయర్‌కు రక్షణ అనుకున్నారు. బ్యాటరీ పక్కన బిగించే ఫ్యూజు కాపాడేది వైరును, ఆ వైరు ద్వారా కారును, కారులో కూర్చున్నవారిని. 8 గేజి రాగి వైరుకు మీటరుకు సుమారు 2 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. అందులో 60 ఆంపియర్లు పారితే మీటరుకు 7 వాట్లకు పైగా వేడి పుడుతుంది. 120 ఆంపియర్లు పారితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లయి 30 వాట్లకు చేరుతుంది. ఆ వైరు కార్పెట్ కింద, గాలి తగలని చోట, ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది. ఎక్కడైనా ఇన్సులేషన్ కోసుకుపోయి వైరు బాడీకి తగిలితే, కారు బ్యాటరీ వందల ఆంపియర్లను క్షణంలో ఇవ్వగలదు. సరైన ఫ్యూజు అక్కడే తెగి ఆ ప్రవాహాన్ని ఆపుతుంది. పెద్ద ఫ్యూజు తెగడానికి ఆలస్యం చేస్తుంది, కొన్నిసార్లు తెగనే తెగదు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. పొగ వస్తోంది గనుక ఇల్లు తగలబడుతోందని అరిచేవాడి నోరు నొక్కమన్నట్టుంది ఈ సలహా. దానికి "సులభ పరిష్కారం" అని పేరు పెట్టి బంధుమిత్రులందరికీ పంపడం ఎలా సాధ్యమైందో నాకు నిజంగా అర్థం కావడం లేదు. కొందరికి అందిన ప్రతిలో, ఫ్యూజు దొరకకపోతే రాగి పోగు చుట్టవచ్చని మరో వాక్యం కూడా చేరింది. అది చదివాక నా ఓపిక నశించింది.

ఫ్యూజు పదేపదే పోతుంటే చేయవలసింది వేరు. యాంప్లిఫయర్ దగ్గర పవర్ వైరు విప్పి, దాని కొసకు టేపు చుట్టి, అదే విలువ గల కొత్త ఫ్యూజు పెట్టాలి. అయినా పోతే వైరే ఎక్కడో షార్టయింది. ఇంజను గది నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (రేకు అంచుకు వైరు కోసుకుపోకుండా కాపాడే వలయం) ఉందో లేదో ముందు చూడాలి. పోకపోతే స్పీకరు వైర్లన్నీ విప్పి, యాంప్లిఫయర్‌ను మళ్ళీ కలపాలి. అప్పుడూ పోతే లోపలి ట్రాన్సిస్టర్లు పోయి ఉండవచ్చు. నిలిస్తే స్పీకరు వైర్లలో ఏదో ఒకటి బాడీకి తగులుతోందో, భారం మరీ తక్కువ ఓములుగా ఉందో తేల్చుకోవాలి. దీనికి కావలసినవి ఒక మల్టీమీటరు, నాలుగైదు ఫ్యూజులు, ఒక సాయంత్రం.

గుయ్‌మనే శబ్దానికి ఫిల్టరు అనే మాటలో కొంత నిజముంది గాని, అది కారణం తెలియకముందే మందు వేయడం. సాధారణంగా కార్లలో ఉండే, 12 ధ్రువాల రోటరు గల మూడు ఫేజుల ఆల్టర్నేటర్ ఒక్కో చుట్టుకు 36 అలలను విద్యుత్తుపై మిగుల్చుతుంది. అది నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే సెకనుకు 1,500 అలలు. అందుకే ఆ శబ్దం చెవికి అంత స్పష్టంగా తగులుతుంది, యాక్సిలరేటర్‌తో పాటు పైకి లేస్తుంది. ఎక్కువసార్లు అది లోపలికి వచ్చే దారి ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్ళే దారి. పెయింటు గీకకుండా బిగించిన ఎర్త్ బోల్టు దగ్గర 10 మిల్లీఓముల నిరోధం ఉన్నా, 50 ఆంపియర్లకు అర వోల్టు తేడా వస్తుంది. పాట గట్టిగా మోగుతున్నప్పుడు యాంప్లిఫయర్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఆ తేడాను కొలవవచ్చు. తరువాత అన్నీ ఆపి, ఆర్‌సీఏ పిన్నులు పీకి, మళ్ళీ ఆన్ చేసి వినాలి. శబ్దం ఉంటే తప్పు యాంప్లిఫయర్ వైపు ఉంది, పోతే స్టీరియో వైపు లేదా కేబులులో ఉంది. ఆన్‌లో ఉండగా పిన్నులు పీకకూడదు. కొన్ని స్టీరియోల లోపలి ఎర్త్ దారి దానివల్ల కాలిపోతుంది.

ఇంజను మార్పిడి తరువాత వచ్చే శబ్దానికి ఆల్టర్నేటర్ మార్చమనడం డబ్బు దండగ పని. ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి, దానికీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ ఉండి తీరాలి. పాత ఇంజనుతో పాటు ఆ పట్టీ కూడా వెళ్ళిపోయి, కొత్తదానికి ఎవరూ బిగించకపోతే, స్టార్టరు కరెంటూ ఆల్టర్నేటర్ కరెంటూ యాక్సిలరేటర్ కేబులు, గేరు కేబులు వంటి దారులు వెతుక్కుంటాయి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజను బ్లాకుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య అర వోల్టు దాటితే పట్టీ లేదనో, వదులుగా ఉందనో అనుకోవచ్చు. కొత్త పట్టీ ఆల్టర్నేటర్ ధరతో పోల్చదగినది కాదు.

ఆర్‌సీఏ కేబులు విషయంలో మాత్రం ఆ సందేశం చెప్పినది చాలావరకు సరైనదే. పవర్ వైరునూ ఆ కేబులునూ కారుకు చెరో వైపు నడపకపోతే గుయ్‌మంటుందని నేను ఏళ్ల తరబడి నలుగురికీ చెప్పాను. ఒకసారి నా కారులోనే కార్పెట్ మొత్తం ఎత్తి పవర్ వైరును అవతలి పక్కకు మార్చాను. శబ్దం రవ్వంత కూడా తగ్గలేదు. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకాక పూర్తిగా పోయింది. ఇప్పటికీ కొత్తగా వైర్లు వేసేటప్పుడు విడివిడిగానే వేస్తాను, కానీ ఈ శబ్దానికి కారణం అదేనని ఇకమీదట చెప్పను. ఆ ఒక్క వాక్యాన్ని ఉంచి, ఫ్యూజు గురించిన వాక్యాన్ని తీసివేసి మళ్ళీ పంపండి. నేను కూడా నలుగురికి పంపుతాను.