మూడో అధ్యాయం గారికి ఒక కూచిపూడి టీచరు లేఖ

మహారాజశ్రీ మూడో అధ్యాయం గారికి,

ఉభయకుశలోపరి. నా ల్యాప్‌టాప్‌లో మీరు ‘చాప్టర్ త్రీ ఫైనల్’, ‘చాప్టర్ త్రీ ఫైనల్ కొత్తది’, ‘చాప్టర్ త్రీ గైడ్ గారు చెప్పాక’ అనే పేర్లతో సకుటుంబ సపరివారంగా ఉంటున్నారు కాబట్టి మీ క్షేమం నాకు రోజూ తెలుస్తూనే ఉంది. నా పీహెచ్‌డీ థీసిస్‌లో మీకు ముందున్న రెండు అధ్యాయాలూ మర్యాదగా పూర్తయ్యాయి. వెనకాల రావలసినవి మీ కోసమే కాచుకుని ఉన్నాయి. మధ్యలో మీరు ‘పరిశోధనా పద్ధతి’ అని నుదుట రాసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

నేను విజయవాడలో కూచిపూడి నేర్పుతాను. స్కూళ్లు వదిలాక మా మేడ మీద హాల్లో క్లాసు. ఈ వయసులో పీహెచ్‌డీ ఏమిటమ్మా అన్నవాళ్లకి రకరకాల జవాబులు చెప్పాను గానీ, అసలు సంగతి నన్నొక ప్రశ్న పట్టుకుంది. 2020లో కోవిడ్ వచ్చి క్లాసులన్నీ జూమ్‌లోకి వెళ్లాయి. డల్లాస్‌లో ఉన్న తెలుగు పిల్లలు కూడా చేరారు. నేనిక్కడ తాళం వేస్తే అది అక్కడికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ పిల్ల వేసిన అడుగు నాకు ఇంకాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. తప్పు పిల్లదో ఇంటర్నెట్‌దో ఆ బ్రహ్మకే తెలియాలి. విసుగొచ్చి తాళాలు పక్కన పడేసి, “నువ్వే జతి (అడుగులకు పలికే తకధిమి అక్షరాలు) పలుకు, నువ్వే చేత్తో తాళం వేసుకో, ఆ తర్వాతే కాళ్లు కదుపు” అన్నాను. కొన్నాళ్లకు చూస్తే, మేడ మీద నా కర్ర చప్పుడుకి అలవాటుపడ్డ పిల్లలు కర్ర ఆగగానే మూడో కాలంలో, అంటే అన్నిటికన్నా వేగంగా ఆడే చోట, తాళం తప్పి పరుగులు తీస్తున్నారు. ఆ జూమ్ పిల్లలు మాత్రం తాళం మీద నిలబడుతున్నారు. ఎందుకు? ఇదీ నా ప్రశ్న.

పని చేసేవాళ్లు తమ పనినే పరిశోధించడాన్ని ప్రాక్టిషనర్ రీసెర్చ్ అంటారని కోర్స్‌వర్క్‌లో చెప్పారు. 1946లో కర్ట్ లెవిన్ యాక్షన్ రీసెర్చ్ గురించి రాశాడనీ, 1983లో డొనాల్డ్ షాన్ అనే ఆయన పని చేస్తూ చేస్తూ మనిషి చేసే ఆలోచన కూడా జ్ఞానమేనని గట్టిగా వాదించాడనీ విన్నాను. ఎంత ఆనందం వేసిందో! షాన్ గారు మనవాడే అనిపించింది. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్న భంగిమలో ఉన్న పిల్ల మోకాలు ఏ క్షణాన ముందుకు వాలబోతోందో మా చేతికి ముందే తెలుస్తుంది. దానికీ యూనివర్సిటీలో ఒక కుర్చీ ఉందన్నమాట అనుకున్నాను. తీరా చూస్తే ఆ కుర్చీ మీద మీరు తువ్వాలు వేసి పెట్టుకున్నారు.

మొదట మీరు నన్ను కంట్రోల్ గ్రూప్ ఎక్కడ అని అడిగారు. అంటే సగం మంది పిల్లలకి జతి నోటితో పలికించాలి, మిగతా సగానికి కావాలని పలికించకూడదు, ఆరు నెలల తర్వాత ఎవరి తాళం తప్పిందో లెక్కేయాలి. అయ్యా, మా క్లాసుకి వచ్చే తల్లులను మీరు చూడలేదు. పక్కింటి పిల్లకి ఒక ముద్ర ఎక్కువ చెప్పానని తెలిస్తేనే ఆ రాత్రి వాట్సాప్‌లో నాకు నిద్ర ఉండదు. ఫీజు కట్టించుకుని పిల్లకి పాఠం ఎగ్గొట్టడాన్ని మీ భాషలో ప్రయోగం అంటారేమో. మా వీధిలో వేరే మాట ఉంది.

తర్వాత అంగీకార పత్రం. ఇది న్యాయమైనదే, కాదనను. పిల్లల మీద పరిశోధన చేసేటప్పుడు తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిందే, పిల్ల కూడా సరే అనాల్సిందే. కానీ మీరు పంపిన నమూనాలో ‘పాల్గొనడం పూర్తిగా స్వచ్ఛందం, ఏ దశలోనైనా వైదొలగవచ్చు’ అని ఉంది. అది చదివి ఒక తల్లి కంగారుగా, “మేడం, మా పాపని యాన్యువల్ డేలోంచి తీసేస్తున్నారా?” అంది. ఇంకొకామె చదవకుండానే సంతకం పెట్టేసి, డ్రెస్సుల డబ్బు ఎంత పంపమంటారని అడిగింది. పిల్లల అసలు పేర్లు రాయకూడదన్నారు కదా అని పీ-1, పీ-2 అని నంబర్లిచ్చాను. పీ-9 రెండు రోజులు అలిగింది. తనని వెనక వరసలోకి నెట్టానట.

ఇక మీ ప్రశ్నావళి. ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు, ‘పూర్తిగా ఏకీభవిస్తున్నాను’ దగ్గర అయిదు. అందరూ అయిదే పెట్టారు. ఒక పిల్ల మాత్రం పెన్ను ఎత్తి, “మేడం, ఇందులో రైట్ ఆన్సర్ ఏది?” అంది. ఇంటర్వ్యూలూ అంతే. పాఠం చెప్పే టీచరే ఎదురుగా కూర్చుని “నా పాఠం ఎలా ఉంది?” అని రికార్డర్ పెట్టి అడిగితే, ఆంధ్రదేశంలో ఏ పిల్ల బాగాలేదంటుంది? ఏ అమ్మమ్మ అననిస్తుంది? ట్రైపాడ్ మీద ఫోన్ పెట్టిన రోజైతే క్లాసులో ఒక్క వంకర మోకాలు లేదు. చికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో తమను గమనిస్తున్నారని తెలిసి కార్మికులు ఎక్కువ పని చేశారని దానికొక పేరే పెట్టారట. మేం దాన్ని ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు అంటాం.

ఇవన్నీ సర్దుకుంటాను. అసలు పేచీ ఎక్కడంటే, “పరిశోధకురాలు తరగతికి దూరంగా నిలబడి చూడాలి, తన స్థానం ఏమిటో ముందుగా ప్రకటించాలి, పాల్గొంటూనే పరిశీలించాలి” అని, ఇదేదో నాకు జన్మలో తెలియని విద్య అయినట్టు చెబుతారే, అక్కడ. సత్యభామ కథతో ఆడే మా కూచిపూడి నాటకం భామాకలాపం ఎప్పుడైనా చూశారా? సత్యభామ తెర వెనక నుంచి జడ బయటికి వేసి, ప్రవేశ దరువు అనే పాటలో తానెవరో, ఎవరి బిడ్డో, ఎంతటి అందగత్తెనని తనకు నమ్మకమో ముందే చాటుకుంటుంది. పొజిషనాలిటీ స్టేట్‌మెంట్ అంటూ మీరు నాతో నాలుగు పేజీలు రాయించింది ఇదే. ఆమెది చూడటానికి బాగుంటుంది, నాది చదవడానికి కూడా బాగోదు. ఇక సూత్రధారుడున్నాడు. చేతిలో తాళాలు, నోట్లో పాట. భామను ప్రశ్నలతో నిలదీసేదీ ఆయనే, మధ్యలో మాధవిగా మారి ఆమెకు చెలికత్తె అయ్యేదీ ఆయనే, తిరిగి ప్రేక్షకుల వైపు తిరిగి ఇదిగో ఈమె గర్వం చూశారా అనేదీ ఆయనే. అంత ఆటలో ఉండి తాళం తప్పడు. నన్ను పరిశీలకురాలిగా తయారు చేయడానికి మీరు అయిదు రోజుల వర్క్‌షాప్ పెట్టారు. ఆ ఫీజుతో నేను కూచిపూడి గ్రామానికి బస్సెక్కి వెళ్లి ఒక సూత్రధారుడి పక్కన కూర్చుని ఉంటే తరించేదాన్ని.

అలాగని అన్నీ మన పాత పుస్తకాల్లోనే ఉన్నాయనే బ్యాచ్‌లో నన్ను కలపకండి. వాళ్లకీ ఇక్కడ నాలుగు మాటలున్నాయి. మా డాన్సు లోకంలో యాన్యువల్ డే ఫ్లెక్సీ మీద రెండు వేల ఏళ్ల పరంపర అని వేసి, పక్కనే పట్టుచీరలో ఉన్న టీచరు ఫొటో వేస్తారు. మీరు ‘ఆధారం?’ అని ఒక్క మాట అడిగితే ఆ ఫ్లెక్సీ నిలబడదు. కూచిపూడిలో ఆడవేషాలు కట్టింది మగవాళ్లు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసి ఆడవాళ్లే నోరెళ్లబెట్టారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడపిల్లలకు నేర్పడం, ఒంటరిగా ఆడే నృత్యాన్ని పైకి తేవడం, 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టడం, ఇవన్నీ గడిచిన శతాబ్దపు సంగతులు. అటు గోదావరి జిల్లాల్లో ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతుల స్త్రీలు భామాకలాపం, పదాలు, జావళులు ఆడేవారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ పద్ధతిని నిషేధిస్తూ చట్టం తెచ్చాక ఆ మేళాలు మూగబోయాయి. వాళ్ల పేర్లు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు. నాట్యం క్లాసులో ‘ఎందుకు’ అంటే ‘మా గురువుగారు అలా చెప్పారు’ అనేదే ఇప్పటికీ ఆఖరి జవాబు. ఆ గోడ మీద మేకు కొట్టింది మీరే. అందుకే మీ ప్రశ్నంటే నాకు గౌరవం.

జవాబు తీసుకునే తీరే బాగోలేదు. మీకు కాగితం కావాలి. కలావంతుల ఇళ్లలో ఎంత కాగితం మిగిలిందని అడిగితే, ‘దొరికిన మేరకు’ అంటారు. దొరికిన మేరకు రాస్తే మళ్లీ దొరికినవాళ్ల చరిత్రే అవుతుంది కదండీ?

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చెప్పాలి. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం నా థీసిస్ ఇతరుల రాతలతో పది శాతం దాకా పోలి ఉంటే ఫర్వాలేదు, దాటితే తిప్పలు. మంచి నిబంధనే. నేను మాత్రం ‘యతో హస్తస్తతో దృష్టిః’ అన్న శ్లోకం రాసి కొటేషన్ గుర్తులు పెట్టడం మరిచాను. స్క్రీన్ అంతా ఎర్రగా మారింది. ఆ శ్లోకం ఉన్న అభినయ దర్పణం రాసిన నందికేశ్వరుడు ఎవరి థీసిస్ కాపీ కొట్టాడో మీరే తేల్చాలి. ఆ పూటే క్లాసులో ఒక పిల్ల నేను చేసిన తీర్మానాన్ని (జతుల వరసను ముగించే అడుగులు) నూటికి నూరు శాతం అలాగే చేసి చూపించింది. భేష్ అన్నాను. ఒకే రోజు రెండు చోట్ల రెండు రకాల న్యాయం అమలు చేస్తున్నాను, నా మతి స్థిరంగా ఉండటం కష్టం.

ఇంతకీ ఈ లేఖ రాయడానికి కారణం రెఫరెన్సులు. జతి ముందు నోట్లో పండాలి, తర్వాతే కాలికి దిగాలి అన్నది నాకు జూమ్ నేర్పలేదు. మా గురువుగారు చిన్నప్పుడే చెప్పారు. నేను అప్పుడు వినలేదు, అది వేరే కథ. ఆవిడ ఒక్క వ్యాసం రాయలేదు. ఆవిడ చెప్పింది నా థీసిస్‌కి వెన్నెముక. రెఫరెన్సులు రాయడానికి మీరు పాటించమన్న ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో చూస్తే, గురువు నోటిమాట ‘పర్సనల్ కమ్యూనికేషన్’ కిందికి వస్తుందట. బ్రాకెట్‌లో పేరు, తేదీ రాసుకోవచ్చు గానీ చివర రెఫరెన్స్ లిస్టులో చేర్చకూడదట, ఎందుకంటే చదివినవాడు వెళ్లి ఆ మాటను వెతికి పట్టుకోలేడు. పోయిన నెల ఎవరో నాతో ఫోన్‌లో అన్న మాటకీ, ఆవిడ జీవితమంతా పిల్లల కాళ్లు సరిదిద్ది తేల్చిన మాటకీ మీ దగ్గర ఒకే పెట్టె. ఆవిడ బోధన మీద ఎవరో రెండు గంటలు కూర్చుని రాసిన ఆరు పేజీల వ్యాసం ఉంది. అది మాత్రం దర్జాగా అక్షరక్రమంలో లిస్టెక్కింది. పైగా అందులో ముద్రల పేర్లు రెండు తప్పు.

తేదీ వేయమంటారు, ఏ తేదీ వేయను? ఒక మాట ఒక రోజున చెబితే తేదీ ఉంటుంది. ఆవిడ ఒక్కో పిల్లకి ఒక్కో తీరుగా, ఏళ్ల తరబడి మార్చి మార్చి చెప్పింది. ఎడమ పాదం బరువుగా పడే పిల్లకి ఒక మాట, తాళం ఆగకుండా పరిగెత్తే పిల్లకి ఇంకో మాట. పనిచేయకపోతే మర్నాడు ఆ మాట వదిలేసేది. పరీక్షించి, గమనించి, మార్చి, మళ్లీ పరీక్షించడాన్ని మీరు సైకిల్ వన్, సైకిల్ టూ అని బాణాలతో గుండ్రటి బొమ్మ గీసి చూపిస్తారు. ఆవిడ బొమ్మ గీయలేదు, అదొక్కటే లోటు.

గైడ్ గారితో అంటే నవ్వి, “థీసిస్‌కి థీసిస్ భాష ఉంటుందమ్మా” అన్నారు. ఆయన సాహిత్యం మనిషి, మంచివారు. పోనీ కృతజ్ఞతల పేజీలో పెట్టు అన్నారు. ఆ పేజీలో ఆల్రెడీ మా ఆయన, జెరాక్స్ షాపు అబ్బాయి ఉన్నారు. వాళ్లిద్దరూ ఎంత కష్టపడినా, తాళం గురించి వాళ్లకేమీ తెలియదు.

సత్యభామ కూడా కృష్ణుడికి లేఖ రాసి మాధవి చేతికిచ్చి పంపింది. ఆవిడది విరహం. మీ మీద నాకంత ప్రేమ లేదు గనక విషయానికి వస్తాను. రాబోయే సోమవారం కమిటీ ముందుకు మిమ్మల్ని మళ్లీ తెస్తున్నాను. గురువుగారి దగ్గర కూర్చుని ఆవిడ సరిదిద్దే పద్ధతి మొత్తం వీడియో తీశాను. ఏ పిల్లకి ఏం చెప్పింది, ఎప్పుడు మార్చింది, అన్నీ రాసుకున్నాను. ఆవిడ అంగీకార పత్రం మీద సంతకం పెడుతూ, “నా పేరు దాచొద్దే, నేనేం దొంగతనం చేశానా” అంది. కాబట్టి ఆవిడకి పీ నంబరు లేదు. ఆ వీడియోలు లైబ్రరీలో పెట్టించి, ఎవరైనా వెతికి పట్టుకునేలా ఆవిడ పేరుతోనే రెఫరెన్స్ లిస్టులోకి ఎక్కించాను. మీ నిబంధన ప్రకారమే ఎక్కించాను, చూసుకోండి. ఇప్పుడు ఏ అభ్యంతరం తీస్తారో నాకూ చూడాలని ఉంది.

ఇట్లు,
పరిశోధకురాలు (పార్ట్‌టైమ్)

తా.క.: పీ-4 వాళ్లమ్మ ఫోన్ చేసింది. థీసిస్‌లో మా పాప పేరు వేయకపోతే పోనీ, ఫొటో అయినా పెద్దది వేయండి మేడం అంటోంది. వేయకూడదని మీరే చెప్పండి, ఆవిడతో నేను వాదించలేను.