రెండో మాస్టర్స్ చేస్తే అన్నీ సర్దుకుంటాయా?

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ హాస్టల్ వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. "మొదటి మాస్టర్స్‌తో మంచి ఉద్యోగం రాలేదా? ఇంకోటి చేసేయండి. రెజ్యూమేలో గ్యాప్ కనిపించదు, లోన్ చదువయ్యాకే కట్టాలి, అమెరికాలో చేస్తే ఓపీటీ మళ్ళీ మూడేళ్ళు" అని. ఓపీటీ అంటే అక్కడ చదివినవాళ్ళకు అమెరికాలో పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి. మొన్న పక్క గది తమ్ముడు అది నమ్మి రాజీనామా మెయిల్ రాసుకుని, పంపేముందు నాకు చూపించాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఓపీటీ సంగతి, ఎందుకంటే అది పచ్చి అబద్ధం. ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సులకు ఇంకో 24 నెలలు. అది ఒక్కో డిగ్రీ స్థాయికి ఒక్కసారే. అమెరికాలో ఒక ఎం.ఎస్. చేసి ఓపీటీ మొత్తం వాడేసుకున్నవాళ్ళు అక్కడే ఇంకో ఎం.ఎస్. చేస్తే మళ్ళీ రాదు, పీహెచ్‌డీ లాంటి పై స్థాయికి వెళ్తేనే వస్తుంది. ఇక్కడ ఎం.టెక్. చేసి అక్కడ మొదటిసారి ఎం.ఎస్. చేసేవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు. మెసేజ్ ఈ రెంటినీ కలిపేసింది. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాలో అమెరికా మాస్టర్స్ వాళ్ళకు విడిగా ఉంచే 20,000 వీసాలకు కూడా ఒక్క డిగ్రీ చాలు.

లోన్ మాట సగమే నిజం. కంతులు మామూలుగా కోర్సు అయిపోయిన ఏడాది తర్వాత మొదలవుతాయి గానీ, వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే నడుస్తుంది. తమ్ముడి లెక్క కాగితం మీద వేశాం. ఆరు లక్షల అప్పు, పది శాతం వడ్డీ, కోర్సు రెండేళ్ళు, ఆ తర్వాత ఏడాది కలిపి మూడేళ్ళు: వడ్డీయే 1,80,000. ఇప్పుడొస్తున్న 32,000 జీతం రెండేళ్ళు వదులుకుంటే 7,68,000. అసలుతో కలిపి దాదాపు పదిహేనున్నర లక్షలు. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు ఉందంటారు, కొత్త పన్ను విధానంలో అదీ లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది "గ్యాప్ కనిపించదు" అన్న మాట. ఆ రాత్రి మేడమీద, బట్టలు ఆరేసిన తాళ్ళ పక్కన కూర్చుని, తమ్ముడి రెజ్యూమే చేతిలో పట్టుకుని ఒక్క ప్రశ్న అడిగాను: "మొదటి ఎం.టెక్. ప్రాజెక్టులో నువ్వు చేసిందేంటి?" వాడు కాగితం అంచు మడుస్తూ చాలాసేపు మాట్లాడలేదు. "కోడంతా ఫ్రెండే రాశాడన్నా" అన్నాడు చివరికి. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పదు. రెండో డిగ్రీ చేతికొచ్చాక కూడా అడుగుతారు, అప్పుడు వయసు రెండేళ్ళు ఎక్కువ, నెత్తిన అప్పు అదనం.

రెండో మాస్టర్స్ అసలు వద్దనడం లేదు. సబ్జెక్టు మార్చుకుని లెక్చరర్ కావాలనుకునేవాళ్ళకు అది నిజంగా అవసరం, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) మామూలుగా మాస్టర్స్ చేసిన సబ్జెక్టులోనే రాయాలి కదా. అలాంటివాళ్ళు కూడా ఉద్యోగం వదలక్కర్లేదు. యూజీసీ గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లోనే స్పష్టం చేశారు. ఆ కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ జాబితాలో చూసుకున్నాకే ఫీజు కట్టాలి.

తమ్ముడి మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. ఫ్రెండ్ దగ్గర ఆ పాత కోడ్ తెప్పించుకుని మొదటి ఫైలు నుంచి చదువుతున్నాడు. నిన్న రాయచోటి నుంచి వాళ్ళ నాన్న ఫోన్ చేస్తే, "అడ్మిషన్ డబ్బులు ఇప్పుడే పంపొద్దు నాయనా" అనడం విన్నాను.